చప్పుడు కాని తలుపులు

(గ్రంథాలయ వారోత్సవాల్లో, శ్రీకాకుళంలోని ఒక శాఖా గ్రంథాలయంలో విశ్రాంత ఉపాధ్యాయురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకీ, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ఈ మధ్య ఏం చదివారో అది చెప్పండి మేడమ్, చాలు అన్నారు లైబ్రేరియన్ గారు. చదివినవి అంటే, నిజానికి సగం విన్నవి, సగం చూసినవి. అలా ఎందుకయిందో ముందు చెప్పుకోవాలి.

పోయిన వేసవిలో నాకు రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. శుక్లం పట్టిన కన్ను ఒక్క రోజులో మసకైపోదు. గదిలో లైటు చాలడం లేదనుకుంటాం, బల్బు మారుస్తాం. అలా రెండేళ్ళు గడిచాయి. చివరికి ఏప్రిల్ ఆఖర్లో ఎడమ కంటికి చేశారు, కుడి కంటికి మే ఆఖర్లో. రెండూ కుదురుకున్నాక గానీ చదువుకునే అద్దాలకి నంబరు రాసివ్వరు. అంటే దాదాపు రెండు నెలలు పుస్తకం ముట్టుకునే వీల్లేదు. ముప్పై నాలుగేళ్ళు బడిలో పనిచేసినదాన్ని, పడుకునే ముందు నాలుగు పేజీలైనా తిప్పకపోతే నిద్ర పట్టదు నాకు. చాలా బెంగపడ్డాను.

అప్పుడే వేసవి సెలవులకి మనవరాలూ మనవడూ వచ్చారు. పెద్దది తొమ్మిదో తరగతికి వచ్చింది, చిన్నవాడికి ఆరేళ్ళు. పెద్దది ఎప్పుడు చూసినా ఇంగ్లీషు ఫాంటసీ నవలలే చదువుతుంది. నా అవస్థ చూసి, "మామ్మా, నేను చదువుతాను, నువ్వు విను" అంది. రాత్రి అన్నాలయ్యాక డాబా మీద మంచాలు వేసుకునేవాళ్ళం. ఒక పేరా ఇంగ్లీషులో చదివి, అదే తెలుగులో చెప్పేది. తెలుగు చదవమంటే కూడబలుక్కునే పిల్ల, కథ చెప్పాల్సి వచ్చేసరికి ఎక్కడెక్కడి మాటలో వెతుక్కుని తెచ్చింది. వాళ్ళమ్మ మాటలు కొన్ని, నా మాటలు కొన్ని, మా పనమ్మాయి మాటలు కొన్ని. మంత్రగాడు కుర్రాడిని ఆపి, "ఏటిరా నీ పేరు?" అన్నాడని ఆ పిల్ల చెప్పినప్పుడు, ఆ మంత్రగాడు మన ఆమదాలవలస వైపు మనిషైపోయాడు నాకు.

మొదటగా విన్నది టోల్కీన్ రాసిన హాబిట్, 1937లో వచ్చిన పుస్తకం. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఒక విద్యార్థి ఖాళీగా వదిలేసిన పేజీ తగిలిందట, దాని మీద ఈ నవల మొదటి వాక్యం రాశారట. పేపర్ల కట్టల ముందు కూర్చున్న అనుభవం ఉన్నదాన్ని కాబట్టి, ఆ ఖాళీ పేజీ ఎంత ఊరటగా కనిపించి ఉంటుందో నాకు తెలుసు. ఇంకో సంగతి. రాతప్రతి చేతికొచ్చాక ప్రచురణకర్త దాన్ని తన పదేళ్ళ కొడుక్కిచ్చి, ఎలా ఉందో రాయమని ఒక షిల్లింగు ఇచ్చారు. పుస్తకం బాగుంది, మ్యాపులు ఉంటే బొమ్మలు అక్కర్లేదు అని రాశాడు ఆ పిల్లవాడు. పిల్లల పుస్తకం అచ్చుకి వెళ్ళాలో వద్దో ఒక పిల్లవాణ్ణి అడిగారు చూడండి. మన దగ్గర పాఠ్యపుస్తకం నుంచి పత్రిక దాకా ఎవరైనా ఒక గుంటడిని కూర్చోబెట్టి అడుగుతారా? అడగాలి.

ఆ నవల మధ్యలో కొండ కింద చీకట్లో పొడుపు కథల పోటీ వస్తుంది. ఓడితే ప్రాణం పోతుంది. అక్కడ మా పెద్దది పుస్తకం మూసి, "ఇప్పుడు నువ్వు ఒకటి అడుగు మామ్మా" అంది. నా ఎడమ కన్ను మీద ఇంకా నల్లద్దాలు. నోటికి వచ్చింది అడిగాను. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." పెద్దది ఆలోచిస్తూనే ఉంది. నిద్రపోయాడనుకున్న చిన్నవాడు పక్క మంచం మీంచి లేచి వచ్చి, నల్లద్దాలు పక్కకి జరిపి, నా కంటి రెప్ప మీద మెల్లగా వేలు పెట్టాడు. "ఇవి" అన్నాడు. ఎవరు నేర్పారో నాకిప్పటికీ తెలీదు.

ఇక రెండో పుస్తకం. దీని గురించే ఎక్కువ చెప్పాలని వచ్చాను. అమెరికాలో ఉర్సులా లె గ్విన్ అనే రచయిత్రి 1968లో రాసింది, ఎర్త్‌సీ అనే దీవుల లోకం కథ. పేరులోనే భూమీ సముద్రమూ ఉన్నాయి. మనకి కళింగపట్నం, భావనపాడు తీరాలున్నాయి కాబట్టి పడవలూ అలలూ మా పెద్దదానికి విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

మొదట్లోనే ఒకచోట ఆగిపోయాం. తల్లి లేని కుర్రాడు, వాడి ఆంట్‌కి మంత్రాలొచ్చు. "ఆంట్ అంటే పిన్నా, అత్తా, పెద్దమ్మా?" అని అడిగింది పిల్ల. ఇంగ్లీషులో అన్నిటికీ ఒకటే మాట. తెలుగులో ఆ తేడా తేలకపోతే కథ ముందుకు నడవదు. తల్లి తోడబుట్టిన మనిషి అని పుస్తకంలో ఉంది కాబట్టి అత్త కాదని తేలింది. ఊళ్ళో నాటుమందులవీ ఇచ్చే మనిషి, కాస్త గదమాయించే రకం, అందుకని పెద్దమ్మ అని ఖాయం చేసుకున్నాం. ఆ పెద్దమ్మ ఒకరోజు ఇంటి కప్పు ఎక్కి దిగని మేకని ఏదో ఒక మాటతో దింపుతుంది. కుర్రాడు ఆ మాట పట్టేశాడు. మర్నాడు కొండ మీద మేకలు కాస్తూ అరిచాడు. మేకలన్నీ వచ్చేశాయి. చప్పుడు లేకుండా వచ్చి, పసుపు కళ్ళతో వాణ్ణే చూస్తూ చుట్టూ నిలబడ్డాయి. వాడు నవ్వి మళ్ళీ అరిచాడు. ఇంకా దగ్గరికొచ్చాయి. వాడికి భయం వేసి పరుగెత్తితే, మేకలు వాణ్ణి మధ్యలో పెట్టుకుని ఒరుసుకుంటూ ఊళ్ళోకి పరుగెత్తాయి. పిలవడం తెలిసింది గానీ వదిలిపెట్టే మాట తెలీదు వాడికి. పెద్దమ్మ వచ్చి విడిపించింది. తర్వాత నవలంతా ఈ చిన్న సంఘటన పెద్దదై తిరిగొస్తుంది. గొప్ప కోసం వాడు పిలవకూడనిదాన్ని పిలుస్తాడు, ఒక నీడ బయటికొచ్చి వాణ్ణి వెంటాడుతుంది. చివరేమయిందో చెప్పను, ముందు వరుసలో పిల్లలున్నారు.

ఆ లోకంలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. అందరూ పిలిచేది ఒకటి, అసలుది ఇంకొకటి. అసలు పేరు తెలిసినవాడికి మనిషి లొంగిపోతాడు కాబట్టి దాన్ని ఎవరికీ చెప్పరు. పదమూడో ఏట కుర్రాణ్ణి ఏటిలో నడిపించి, గట్టు మీద గురువు చెవిలో కొత్త పేరు చెప్తాడు. ఇది వింటుంటే నాకు నా హాజరు పట్టీ గుర్తొచ్చింది. మన వైపు బడుల్లో పనిచేసిన టీచర్లందరికీ ఇది తెలుసు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న అప్పలరాజులూ అప్పలనర్సమ్మలూ ఒక్కో తరగతిలో నలుగురేసి ఉంటారు. విజయనగరం వైపైతే పైడితల్లమ్మ పేరున పైడిరాజులూ పైడమ్మలూ. పట్టీలో ఒక పేరు, వీధిలో ఒక పేరు. పుట్టిన పిల్లలు నిలవని ఇంట్లో బిడ్డని పెంటకుప్ప మీద పెట్టి తీసి పెంటయ్య, పెంటమ్మ అని పిలిచేవాళ్ళు, చెడుచూపు పడకూడదని. మొదట్లో ఆ పేరు పట్టీలో రాయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. ఆ బిడ్డని దక్కించుకోవడానికి తల్లి కట్టుకున్న కోట అది అని నాకు అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఎక్కడో అమెరికాలో కూర్చుని రాసిన నవల, డాబా మీద చీకట్లో, ఆ సంగతి నాకు చెప్పింది.

కుర్రాడు నీడ దెబ్బ తిని, మొహం మీద మచ్చలతో, ఎవరి ముందుకూ రాలేక తిరుగుతున్నప్పుడు ఒక స్నేహితుడు దగ్గరికొచ్చి తన అసలు పేరు చెప్పేస్తాడు. ఓదార్పు మాటలేం చెప్పడు. నా ప్రాణం నీ చేతిలో పెడుతున్నాను అన్నట్టు ఆ పేరు ఇచ్చేస్తాడంతే. అక్కడ చదువుతున్న పిల్ల గొంతు ఆగింది. ఆ రాత్రి పిల్లలిద్దరూ తలో రహస్యం పేరు పెట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా చెవిలో చెప్పారు.

తిత్లీ తుఫాను మనలో ఎవరం మర్చిపోలేదు. 2018 అక్టోబరులో ఉద్దానం కొబ్బరితోటలు ఎలా నేలకొరిగాయో చూశాం. చిన్నప్పుడు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు చదివిన మాకు మాంత్రికుడంటే గాలిని ఆపాలి, కొండని లేపాలి. ఈ నవలలో మంత్రాల బడి ఉంది, అక్కడ గాలినీ వాననీ నడపడం నేర్పుతారు. నేర్పుతూనే, ఇక్కడ వాన కురిపిస్తే ఇంకో దీవిలో కరువు రావచ్చు అని చెప్తారు. కుర్రాడి గురువైతే భూకంపాన్ని ఆపిన మహా మంత్రగాడు, అయినా దారిలో వానొస్తే దాన్ని తప్పించే మంత్రం వెయ్యడు, చెట్టు కింద పడుకుంటాడు. మా పిల్లకి అది నచ్చలేదు, అంత శక్తి ఎందుకు మరి అంది. నాకు మాత్రం చాలా నచ్చింది. మా వాదన ఇంకా తేలలేదు, ఫోన్లో నడుస్తూనే ఉంది.

మంచినీళ్ళు ఇవ్వండమ్మా... ఇక బొమ్మల పుస్తకాలు.

ఎడమ కంటికి ఆపరేషన్ అయి, కుడి కంటికి ఇంకా కాని ఆ నెల నాకు ఒక విచిత్రం దొరికింది. శుక్లం పట్టిన కంటిలో లెన్సు పసుపెక్కిపోయి, నీలం వెలుగుని లోపలికి రానివ్వదు. నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి మనకి తెలీదు. చిన్నవాడు తెచ్చుకున్న బొమ్మల పుస్తకాల్లో అక్షరాలు పెద్దవి, అద్దాలు లేకుండానే కొత్త కంటికి అందాయి. ఒక పేజీ తెరిచి కుడి కన్ను మూసి చూశాను. తెల్లటి కాగితం, మధ్యలో నీలం సముద్రం. ఎడమ కన్ను మూసి చూశాను. అదే కాగితం టీ ఒలికి ఆరిపోయినట్టుంది, సముద్రం మట్టిరంగు కలిసిన ఆకుపచ్చ. ఎన్ని సార్లు మార్చి మార్చి చూశానో. చిన్నవాడు కూడా పక్కన కూర్చుని ఒక్కో కన్నూ మూసి చూశాడు, వాడికేం తేడా లేకపోయినా.

ఆ కట్టలో మారిస్ సెండాక్ అనే ఆయన 1963లో వేసిన, రాసిన పుస్తకం ఒకటి ఉంది. మొత్తం పది వాక్యాలు. తోడేలు వేషం వేసుకుని ఇల్లు పీకి పందిరేస్తున్న కుర్రాణ్ణి తల్లి అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది. గదిలో అడవి మొలుస్తుంది. పడవెక్కి భయంకరమైన జంతువుల దీవికి వెళ్ళి, వాటికి రాజవుతాడు. చెప్పడానికి ఇంతే. చిన్నవాడు చదవడం చూశాకే నాకు అందులో పనితనం తెలిసింది. మొదటి పేజీలో బొమ్మ చిన్నది, చుట్టూ ఎంతో తెల్ల కాగితం. పేజీ తిప్పేకొద్దీ బొమ్మ పెరుగుతుంది. అడవి మొలిచేసరికి తెలుపు పోయింది. జంతువులూ వాడూ కలిసి గెంతులేసే చోట రెండు పేజీలూ నిండా బొమ్మే, వరసగా మూడుసార్లు, ఒక్క మాట లేదు. అక్కడ నేను నోరు మూసుకోవాల్సి వచ్చింది. చిన్నవాడు మాత్రం ఊరుకోలేదు. ఆ మూడు చోట్లా వాడే లేచి మంచం మీద గెంతులేశాడు.

తర్వాత "అమ్మ ఏదీ?" అన్నాడు. వెనక్కి తిప్పాను. నిజమే, పుస్తకం మొత్తంలో తల్లి బొమ్మ లేదు. మాట వినిపిస్తుంది, మనిషి కనిపించదు. యాభై ఏళ్ళుగా పుస్తకాలు చదువుతున్నదాన్ని, నాకు తట్టలేదు. ఇక చివర. కుర్రాడు ఇంటి మీద బెంగతో గదికి తిరిగొస్తాడు, వాడి అన్నం అక్కడ పెట్టి ఉంటుంది. పేజీ తిప్పితే బొమ్మ లేదు. తెల్ల కాగితం మీద ఒక్క ముక్క, అది ఇంకా వేడిగానే ఉందని. "చల్లారలేదురా" అని చెప్పాను నేను. వాడు కాసేపు ఆ ఖాళీ పేజీ చూసి, "అయితే అమ్మ ఇప్పుడే పెట్టి వెళ్ళింది" అన్నాడు. బొమ్మ లేని పేజీలో బొమ్మ చూశాడు వాడు.

ఇంకొక పుస్తకం ఇక్కడికి తెచ్చాను. (పుస్తకం ఎత్తి చూపిస్తూ) చెన్నైలో తారా వాళ్ళు 2006లో వేసింది, మధ్యప్రదేశ్ గోండు చిత్రకారులు ముగ్గురు వేసిన చెట్ల బొమ్మలు. చేత్తో చేసిన నల్ల కాగితం మీద చేత్తోనే స్క్రీన్ ప్రింటింగ్ చేశారు. తర్వాత ఒక్కొక్కరూ ముట్టుకుని చూడండి, రంగు వేలికి తగులుతుంది. రాత్రిపూట చెట్లు ఏం చేస్తాయో వాళ్ళ కథల్లో ఉన్నట్టు వేశారు. దీన్ని చూడగానే నాకు సీతంపేట కొండలు గుర్తొచ్చాయి. నా ఉద్యోగం మొదలైంది ఆ వైపే, ఒక సవర గూడెం బడిలో. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా వేసిన మనుషులు, చెట్లు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు. ఆ ఇళ్ళలో పెరిగిన పిల్లలు బడికొస్తే నేను "ఓ" అంటే ఓడ అని చార్టు చూపించేదాన్ని. వాళ్ళలో ఒక్కరూ ఓడని చూడలేదు, తెలుగు కూడా సగం మందికి రాదు. ఇంటి గోడ మీద అంత పెద్ద బొమ్మల పుస్తకం ఉంది కదా, అక్కణ్ణుంచి మొదలుపెడదామని నాకు తోచలేదు. మన జిల్లాలో శ్రీముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి గారు అంతకు ఎన్నో దశాబ్దాల ముందే సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ళ మాటల్లోనే పుస్తకాలు రాశారు. ఆయన్ని మనం వాడుక భాష గురించి తలుచుకుంటాం, ఆగస్టులో దండ వేస్తాం. పిల్లల పుస్తకాలు రాసిన మనిషిగా కూడా తలుచుకోవాలని నా మనవి.

బొమ్మ అంటే పిల్లలకి పెట్టే తాయిలం అనీ, అక్షరాలు వచ్చాక మానిపించాలనీ మనలో చాలామందికి ఉంది. వడ్డాది పాపయ్య గారు ఈ శ్రీకాకుళంలోనే 1921లో పుట్టారు. చందమామ ఇంటికి రాగానే మేం ముందు ఆయన అట్టబొమ్మ కోసం కొట్టుకునేవాళ్ళం, కథల సంగతి తర్వాత. అలాంటి ఊళ్ళో ఉండి, నేను పనిచేసిన ఒక బడిలో మంచి బొమ్మల పుస్తకాలు, రష్యా నుంచి తెలుగులో అచ్చయి వచ్చినవి కూడా, బీరువాలో పెట్టి తాళం వేశాం. చిరిగిపోతే స్టాకు రిజిస్టరుకి జవాబు చెప్పుకోవాలని భయం. కొన్నేళ్ళు ఆ తాళంచెవి నా దగ్గరే ఉండేది. తీసి చూసేసరికి చెదలు పట్టి, అట్టలు మిగిలాయి. పిల్లల చేతిలో చిరిగినా అంతకంటే బాగుండేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ఈ రోజు పిలవగానే వచ్చాను.

ఈ వేసవిలో నేను తెలుసుకున్నది ఒకటుంది. ఆ ఫాంటసీ నవలలు పక్కన కూర్చుని చదివేవాళ్ళు ఉండబట్టి నాకు దక్కాయి. ఆ బొమ్మల పుస్తకాలు పక్కన కూర్చుని చూసేవాడు ఉండబట్టి అర్థమయ్యాయి. నా అంతట నేను చదివి ఉంటే ఆంట్ దగ్గర ఆగేదాన్ని కాదు, అమ్మ ఏదీ అని వెతికేదాన్ని కాదు. లైబ్రరీ అనగానే మనకి గోడ మీద "నిశ్శబ్దం" అనే బోర్డు గుర్తొస్తుంది. దాన్ని తీసెయ్యమనను, పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలు లోపలి గదిలో ఉన్నారు, వాళ్ళ కష్టం నాకు తెలుసు. వారానికి ఒక్క గంట, ఈ ముందు వరండాలో మాత్రం గొంతెత్తి చదవనివ్వండి అని లైబ్రేరియన్ గారిని అడిగాను. ఒప్పుకున్నారు.

కారా మాస్టారు, అదే మన కథకులు కాళీపట్నం రామారావు గారు, 1997లో కథానిలయం పెట్టి మన ఊళ్ళో తెలుగు కథలన్నిటికీ ఒక ఇల్లు కట్టారు. అంత పెద్ద పని నావల్ల కాదు. నాకు చేతనయింది ఒకటే. వచ్చే ఆదివారం పదింటికి ఇక్కడ చాప వేస్తాను. ముందు ఈ చెట్ల పుస్తకం, తర్వాత మేకల కథ మొదటి అధ్యాయం, మన మాటల్లో. చేతులు కడుక్కుని రమ్మనను, పుస్తకం ముట్టుకోవద్దనను. పెద్దవాళ్ళు పిల్లల్ని గుమ్మంలో దింపి వెళ్ళిపోవద్దు, పక్కనే కూర్చోండి. చదవడం రాని మామ్మలు, తాతలు ఉంటే తప్పకుండా తీసుకురండి. పొడుపు కథలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి, తర్వాత మేం హాబిట్ నవల్లో కొండ కిందకి వెళ్ళేసరికి అవి కావాలి.